హస్తవాసి

ఫిబ్రవరి 3, సోమవారం

ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ అంకె ఉంటుంది. చింపితే తెలిసిపోతుంది. దీనికి అంకెలు లేవు. అందుకే ఇందులో రాస్తున్నాను.

కొత్తమ్మాయి పూత వేసిన గొట్టం ముక్కల మీద మళ్ళీ బాక్టీరియా పెరిగింది. ఇది పదకొండోసారి. ఆమె చేరి ఏడాదిన్నర దాటినా మేమంతా ఇంకా కొత్తమ్మాయి అనే పిలుస్తాం. ఆరు ప్లేట్లూ తెచ్చి వరసగా టేబుల్ మీద పెట్టింది. ఆరింటి మీదా గసగసాలు చల్లినట్టు చుక్కలు.

సారు వంగి చూసి, నావైపు చూపిస్తూ తల ఊపారు. "చూడమ్మా, అదే పాలిమర్, అదే గొట్టం, అవే బాక్టీరియా. మేడం చేస్తే ఒక్కటీ బతకలేదు. నువ్వు చేస్తే కాపురాలు పెట్టేస్తున్నాయి. దేనికైనా హస్తవాసి ఉండాలి."

అందరూ నవ్వారు. కొత్తమ్మాయి కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. సారు వచ్చినవాళ్ళందరికీ చెప్పే ముక్క నాకు కంఠతా వచ్చేసింది: "మూత్రం కోసం రోగికి పెట్టే గొట్టం వారం తిరక్కుండా బాక్టీరియాకి ఇల్లవుతుంది. మందులకు లొంగని రకాలు అక్కడే పుడతాయి. మా మేడం ఆ గొట్టానికి పాలిమర్ పూత వేసింది. పాలిమర్ అంటే అణువుల గొలుసులు, వాటికి ధనావేశం ఉంటుంది. బాక్టీరియా వచ్చి ఆనితే చాలు, దాని పొర చిరిగిపోతుంది. మందు అక్కర్లేదు." మే నెలలో నలభై మంది రోగులకు పెట్టి చూస్తారట. పెద్ద డాక్టరు నాతో చెయ్యి కలిపాడు.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 5, బుధవారం

రెండేళ్ళ క్రితం నేను పక్కన పెట్టిన ఆ మూడు ప్లేట్లూ కలుషితమైనవే. నిజంగా అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. అరటిపండ్లు పట్టుకెళ్ళాను.

టేబుల్ మీద ఎవరిదో చేతిగడియారం, వెనక మూత తీసి ఉంది. ఆరేళ్ళ క్రితం బస్సు తిరగబడ్డప్పుడు అక్కకు నడుము కింద స్పర్శ పోయింది. చక్రాల కుర్చీలోకి వచ్చాకే గడియారాల పని నేర్చుకుంది. "కూర్చుని చేసే పనుల్లో ఇదే బాగుంది. అందరి టైమూ నా చేతిలోనే" అంటుంది. ఆరేళ్ళుగా మూత్రం గొట్టం తీసేది లేదు. రెండు నెలలకోసారి జ్వరం, చలి, మందులు. పోయినసారి వాడిన మందు ఈసారి పనిచేయదు.

బావ నన్ను చూసి మొదలుపెట్టాడు. "నువ్వైనా చెప్పు. డాక్టరు జనవరి నుంచీ అడుగుతున్నాడు. ఆపరేషన్ చేసి పొట్ట మీద చిన్న దారి పెడితే గొట్టం ఎప్పుడూ లోపల ఉంచక్కర్లేదట."

"ఇంట్లో సైంటిస్టును పెట్టుకుని పొట్ట కోయించుకోమంటారేంటండీ?" అంది అక్క కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "మే నెల ఎంతలో వస్తుంది? ఆసుపత్రి వాళ్ళు మొదలుపెట్టాక మనకూ దొరుకుతుంది. కదే?"

"దొరకొచ్చు" అన్నాను.

"దొరకొచ్చు ఏంటి? గట్టిగా చెప్పు, మీ బావకి వినపడేట్టు."

"దొరుకుతుంది."

ఫిబ్రవరి 12, బుధవారం

భోజనాల వేళ ల్యాబ్‌లో ఎవరూ లేరు. కొత్తమ్మాయి నా కుర్చీ పక్కన నిలబడింది.

"మేడం, పూత వేశాక ముక్కల్ని మీరు ఎన్నిసార్లు కడిగేవారు?"

"మనం అచ్చేసిన పేపర్లో ఉంది కదా. బాగా కడిగి అని."

"బాగా అంటే?"

"మామూలుగా."

"నేను మూడు రోజులు కడుగుతున్నాను మేడం. రోజుకు ఆరుసార్లు నీళ్ళు మారుస్తున్నాను. అంతకంటే బాగా కడగాలా?"

వినయంగానే అడిగింది. ఎత్తిపొడుపేమీ లేదు. ఇంకా బాగా కడగమంటే వారం రోజులు కడిగేటట్టుంది.

"చూసి చెప్తాను" అన్నాను.

ఆమె వెళ్ళాక నా పాత నోట్‌బుక్ తీశాను. నా రాతే. ఒక్కసారి, పది నిమిషాలు.

ఫిబ్రవరి 13, గురువారం

రెండేళ్ళ క్రితం నాలుగు రోజుల సెలవులు వచ్చాయి. ముక్కలు మూడు నీళ్ళ గిన్నెలో మర్చిపోయి వెళ్ళాను. తిరిగొచ్చాక వాటినీ మిగతావాటితో కలిపి పరీక్షకు పంపాను. మిగతా ప్లేట్లన్నీ అద్దంలా ఉన్నాయి. ఆ మూడింటి మీద మాత్రం నిండా పెరిగాయి. వాటి మీద గీత కొట్టి పక్కన 'కలుషితం' అని రాశాను. లెక్కలోంచి తీసేశాను.

అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అనుకోలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. గడియారాల గురించి మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి 20, గురువారం

సారు పిలిచారు. కొత్తమ్మాయి ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన ముందుంది.

"ఏం చేద్దాం? పాపం కష్టపడుతోంది, కాదనను. కానీ బయటివాళ్ళు వచ్చి మన ల్యాబ్‌లోనే మన ఫలితం రావట్లేదంటే ఏం బాగుంటుంది? నువ్వు దగ్గరుండి చూశావు. రెండు ముక్కలు రాసివ్వు."

కలం ఆయనదే. చేతిలో పెట్టారు.

రాశాను. 'శ్రద్ధ ఉంది. చేతిపనిలో నిలకడ లేదు.'

ఆయన చదివి, "మర్యాదగా రాశావు" అన్నారు.

బయటికి వస్తుంటే కొత్తమ్మాయి గొట్టం ముక్కలు కడుగుతోంది. నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మూడు రోజులు కడగడం తప్పని నేనెక్కడా రాయలేదు. అబద్ధం ఒక్కటీ రాయలేదు. శ్రద్ధ ఉందనే రాశాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

కొత్తమ్మాయి వెళ్ళిపోయింది.

నోట్‌బుక్కులు మూడు, తేదీ వేసిన ముక్కల డబ్బాలు, ఏది ఏ అరలో ఉందో రాసిన కాగితం, అన్నీ నాకు అప్పగించింది. ఇంత శుభ్రంగా అప్పగించి వెళ్ళినవాళ్ళను ఈ ల్యాబ్‌లో నేను చూడలేదు.

"మీ టైము చాలా పాడుచేశాను మేడం" అంది. "కొందరి చేతులంతే అనుకుంటా."

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "జాగ్రత్త" అన్నాను.

మార్చి 3, సోమవారం

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్తున్నాను. ముక్కలు ఆమె కడిగినట్టే కడుగుతున్నాను. రోజుకు ఆరుసార్లు, మూడు రోజులు. ప్రతిసారీ కడిగిన నీళ్ళను కూడా సీసాలో పట్టి ఉంచాను.

బాక్టీరియా పరీక్షలు చేసేది తోడు పిన్ని. ఇరవై ఏళ్ళుగా పొద్దున తోడుపెట్టి సాయంత్రానికి బాక్టీరియా పెంచే మనిషి కాబట్టి ఆ పేరు. ఏమీ చెప్పకుండా సీసాలూ ముక్కలూ ఇచ్చాను. ఆవిడా ఏమీ అడగలేదు.

మార్చి 8, శనివారం

పిన్ని రెండు ట్రేలు తెచ్చి నా ముందు పెట్టింది.

కడిగిన ముక్కల ప్లేట్లు: నిండా చుక్కలు, ఒకదాని మీద ఒకటి. నీళ్ళ ప్లేట్లు: మొదటి రోజువన్నీ అద్దంలా ఉన్నాయి. రెండో రోజువాటి మీద అక్కడక్కడ చుక్కలు. మూడో రోజుకి నీళ్ళు కూడా ఏమీ చంపడం లేదు.

"చంపేది గొట్టం కాదమ్మా, కడిగిన నీళ్ళు" అంది పిన్ని.

గొట్టానికి అతుక్కోకుండా మిగిలిపోయిన పొట్టి గొలుసులు. అవి కరిగి నీళ్ళలోకి వచ్చి చంపుతున్నాయి. అవి పోతే అది ఉత్త గొట్టం. రోగి ఒంట్లో ఆ గొట్టం రోజంతా తడుస్తూనే ఉంటుంది. రెండు రోజులు పనిచేస్తుంది, అంతే. కరిగి లోపలికి పోయిన గొలుసులు అక్కడ ఇంకేం చేస్తాయో మేమెవరం చూడలేదు.

పిన్ని వెళ్ళకుండా నిలబడి ఉంది.

"ఒక మాట అడగనా? రెండేళ్ళ కిందట మూడు ప్లేట్ల మీద కలుషితం అని రాశావు. గుర్తుందా?"

"ఉంది."

"ఇన్నేళ్ళలో నా ప్లేట్లను అంత మాట ఎవరూ అనలేదు. ఇంటికెళ్ళి ఎక్కడ తప్పు చేశానా అని చాలాసార్లు ఆలోచించాను. ఆ తరవాత నుంచి చేతికి రెండు గ్లవ్స్ వేసుకుంటున్నాను. చూశావో లేదో."

చూశాను. పెద్దతనం చాదస్తం అనుకున్నాను.

మార్చి 9, ఆదివారం

మే నెలకి ఇంకా ఏడు వారాలు. గొలుసుల్ని గొట్టానికి గట్టిగా అతికిస్తే, పొట్టివాటిని ముందే వేరుచేస్తే, పూత నిజంగానే పనిచేయొచ్చు. అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కొత్తమ్మాయిని నేనే వెనక్కి పిలిపిస్తాను. నా పక్క సీటే ఇప్పిస్తాను.

ఇవాళ అక్క ఇంటికి వెళ్ళలేదు. పని ఉందని చెప్పాను.

మార్చి 12, బుధవారం

అతకలేదు.

మార్చి 14, శుక్రవారం

అతికింది. కానీ అతికితే చంపడం లేదు.

మార్చి 17, సోమవారం

కుదరలేదు. ఇంకో ద్రావణి ప్రయత్నిస్తాను.

మార్చి 19, బుధవారం

పొద్దున పదకొండుకి బావ ఫోన్ చేశాడు. అక్కకు జ్వరం నూట నాలుగు. మాట తడబడుతోంది, నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తోందట. ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందని డాక్టరు అన్నాడు. రిపోర్టు చూపించాడు. పన్నెండు మందుల పేర్లు, పదకొండింటి పక్కన 'లొంగదు'. ఒక్కటే మిగిలింది. అది కిడ్నీలకు మంచిది కాదు, అయినా వేరే దారి లేదన్నాడు.

వరండాలో బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అలా కింద కూర్చోగా చూడలేదు.

"జనవరిలో చేయించుకుంటే అయిపోయేది" అన్నాడు. "నిన్నేమీ అనడం లేదు. నువ్వు మంచికే చేస్తున్నావు. అదే మొండిది."

నేను ఆయన పక్కన కూర్చోలేకపోయాను. మంచినీళ్ళు తెస్తానని వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. చాలాసేపు.

మార్చి 21, శుక్రవారం

జ్వరం దిగలేదు.

మార్చి 22, శనివారం

నూట ఒకటి. కళ్ళు తెరిచింది. నర్సుకి నన్ను చూపించి, "మా చెల్లి. బాక్టీరియా చావడానికి గొట్టం కనిపెట్టింది. మీ ఆసుపత్రిలోనే పెడతారు" అని చెప్పింది. నర్సు నావైపు చూసి నవ్వింది.

మార్చి 24, సోమవారం

చెప్పాను.

మధ్యాహ్నం, కిటికీ తెర సగం వేసి ఉంది. బావ ఇంటికి వెళ్ళాడు. అక్కకు జ్వరం లేదు. దిండుకు ఆనుకుని, వేళ్ళు ఆడించి చూసుకుంటోంది, గడియారం పట్టడానికి పనికొస్తాయా అని.

మొత్తం చెప్పాను. కడగడం, నీళ్ళు, మూడు ప్లేట్లు, కొత్తమ్మాయి, నేను రాసిచ్చిన రెండు ముక్కలు. అక్క మధ్యలో ఒక్క మాట అడగలేదు. అయ్యాక అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పన్నెండున."

"ఆ తరవాత ఆదివారం వచ్చావు."

"వచ్చాను."

"ఆరోజు కూడా నేను ఆపరేషన్ వద్దనే అన్నాను. నువ్వు పక్కనే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

వేళ్ళు ఆడించడం ఆపేసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"ముందు నా దగ్గరికెందుకొచ్చావే?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ పిల్ల దగ్గరికి పోలేదు. మీ సారు దగ్గరికి పోలేదు. నా దగ్గరికొచ్చావు. ఎందుకంటే నేను అక్కను. నాలుగు తిడతాను, ఎల్లుండికి మళ్ళీ తిన్నావా అని అడుగుతాను. అది నీకు తెలుసు. కదా?"

నేను దుప్పటి అంచు సర్దాను.

"నా సంగతి తరవాత చూసుకుందాం. నాకు నిజంగా చాలా కోపంగా ఉంది, ఇప్పుడు ఓపిక లేదు. ముందు ఎక్కడికి పోవాలో అక్కడికి పో."

గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అంది: "ఆ నర్సుకి కూడా నువ్వే చెప్పు. నేను చెప్పుకోలేను."

చెప్పాను. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేస్తూ విని, "అలాగా" అంది. అంతే.

మార్చి 25, మంగళవారం

సారు గదిలో తలుపు వేసి ప్లేట్ల ఫోటోలు, నావీ కొత్తమ్మాయివీ నోట్‌బుక్కులు ముందు పెట్టాను.

మొదట అరిచారు. తరవాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చి మెల్లగా అన్నారు: "ట్రయల్ వాయిదా వేద్దాం. ముడిసరుకు అందలేదని రాద్దాం. ఈలోగా నువ్వు పూత బాగుచెయ్యి. ఎవరికీ నష్టం లేదు."

ఇదే మాట నేను నాకు రెండు వారాలు చెప్పుకున్నాను. ఇంకొకరి నోట వింటే ఎలా ఉంటుందో తెలిసింది.

"పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి పొద్దున్నే ఉత్తరం పంపాను సార్. ఆసుపత్రికి కూడా. మీకు ముందు చెప్తే పంపనివ్వరని, నేనూ మీ మాట వినేస్తానని భయమేసింది."

ఆయన కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"పదకొండుసార్లు" అన్నారు. "ఆ పిల్ల పదకొండుసార్లు మన ముందు నిజం తెచ్చి పెట్టింది. నేను జోకులేశాను."

నేను కూడా నవ్వానని చెప్పలేదు. ఆయనకు తెలుసు.

మార్చి 28, శుక్రవారం

కొత్తమ్మాయి ఊరి చివర నీటి పరీక్షల కేంద్రంలో చేరిందట. మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూసి, "మేడం! ఎవరికైనా బాలేదా?" అంది.

పక్కన సిమెంటు బెంచీ ఉంది. ఆమె కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు. మొదట అర్థం కాలేదు, తరవాత అర్థమైంది. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది.

"మీకు తెలుసా? నేను ఉన్నప్పుడే?"

"తెలుసు. నువ్వు కడగడం గురించి అడిగిన రోజునే తెలిసింది."

"నేను వెళ్ళేటప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

తన చేతులవైపు చూసుకుంది.

"నేను నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను మేడం. చేతులు వణుకుతున్నాయేమో చూడమన్నాను. రెండుసార్లు వెళ్ళాను. ఏమీ లేదు, వెళ్ళమ్మా అన్నాడు. నమ్మలేదు. మూడోసారి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను." డబ్బా పక్కన పెట్టి, "ఇంట్లో కత్తి పట్టుకోవాలన్నా భయమేసేది" అంది.

క్షమించమని అడగాలని బస్సులో వస్తూ మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ పైకి రాలేదు. రాకపోవడమే మంచిదైంది. అడిగితే ఆమె మర్యాదకు సరే అనేది, నేను ఆ సరే పట్టుకుని ఇంటికొచ్చేదాన్ని.

"నీకేం కావాలో చెప్పు" అన్నాను.

"నా నోట్‌బుక్కులు కావాలి. నా ప్లేట్ల ఫోటోలన్నీ కావాలి. కడగడం గురించి నేనే రాస్తాను." తలెత్తి సూటిగా చూసింది. ఏడాదిన్నరలో ఆమె నన్ను అలా చూడడం అదే మొదటిసారి. "అందులో మీ పేరు ఉండదు."

"ఉండకూడదు."

"మళ్ళీ మీ దగ్గర పనికి రాను."

"సరే."

"ఇప్పుడు నేను తినాలి మేడం. ఇంకా పది నిమిషాలే ఉంది."

ఏప్రిల్ 6, ఆదివారం

గురువారం అక్కకు ఆపరేషన్ అయింది. బాగానే అయిందన్నారు. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి. ఇంక ముందులా ఉండవు, జాగ్రత్తగా చూసుకోవాలన్నారు. ఆ వాక్యం రాయడానికి మూడుసార్లు కలం పెట్టి తీశాను.

బావ నాతో మాట్లాడడం లేదు. టీ మాత్రం ఇచ్చాడు.

అక్క తిన్నావా అని అడగలేదు. వెళ్తుంటే, "వచ్చే ఆదివారం వస్తావా?" అంది.

"రమ్మంటే వస్తాను."

"రమ్మనలేదు. వస్తావా అని అడిగాను."

జూన్ 11, బుధవారం

విచారణ కమిటీ కాగితం వచ్చింది. మూడేళ్ళు సొంతంగా ప్రాజెక్టు ఉండదు. తోడు పిన్ని కింద పరీక్షల గదిలో పని. పిన్ని నాకు గ్లవ్స్ పెట్టె అందించి, "ఒక జత చాలు" అంది. ఆవిడ కూడా ఇప్పుడు ఒక జతే వేసుకుంటోంది.

సెప్టెంబర్ 18, గురువారం

ఇవాళ పెద్ద హాలులో సదస్సు. కొత్తమ్మాయి మాట్లాడింది. కొత్తమ్మాయి అని రాయకూడదిక. ఇప్పుడు ఆమె వేరే సంస్థలో సొంతంగా పనిచేస్తోంది. పూతలు వేసిన గొట్టాల్ని ఎలా కడిగి పరీక్షించాలి, చంపేది పూతా, పూతలోంచి కరిగిందా అన్నది ఎలా తేల్చాలి అన్నది విషయం. తొమ్మిది రకాల పూతలు తీసుకుని చూసిందట. నాలుగు కడిగాక చచ్చుబడ్డాయి. ఐదు నిలిచాయి.

నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆమె చూసిందో లేదో తెలియదు. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ దెప్పలేదు. ఒక ముసలాయన లేచి గట్టిగా ప్రశ్న వేస్తే తడుముకోకుండా జవాబు చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టారు.

నా పక్కన కూర్చున్నావిడ ఏదో మందుల కంపెనీ మనిషి. ముందుకు వంగి అంతా రాసుకుంటోంది. చప్పట్లు కొడుతూనే నావైపు తిరిగింది.

"ఎంత బాగా చెప్పింది! ఈ అమ్మాయి ఇంతకుముందు ఎక్కడ చేసిందో మీకేమైనా తెలుసా?"

"మా ల్యాబ్‌లోనే" అన్నాను.

"అరే! మరి ఇంత మంచి మనిషిని ఎలా వదులుకున్నారండీ?"

మర్యాదగా వినిపించే అబద్ధాలు చాలా ఉన్నాయి. మంచి అవకాశం వచ్చిందని, గడువు అయిపోయిందని. ఒక్కోటీ నాలుక మీదికి వచ్చింది.

"తను చెప్పింది నిజమని నాకు తెలుసు. నాది తప్పని తేలుతుందని, నేనే పంపించేశాను."

ఆవిడ కలం ఆపి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తరవాత ఆవిడే తిప్పుకుని, మా మధ్య ఉన్న తన సంచీ తీసి రెండో వైపు పెట్టుకుంది.